పరుగు డైరీ, పక్కన పిచ్చాపాటి

తెల్లవారుజామున హైదరాబాద్ కేబీఆర్ పార్కుకు వెళ్లండి. లేదంటే విశాఖ బీచ్ రోడ్డుకో, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకో వెళ్లండి. సరిగ్గా తెల్లారకముందే జనం కనిపిస్తారు. కాన్వాసు బూట్లు, మెడ చుట్టూ తువ్వాలు, చీర మీద స్వెట్టరు, చెవులకు మఫ్లరు. నడిచేవాళ్లు నడుస్తుంటారు, పరిగెత్తేవాళ్లు పరిగెడుతుంటారు. దాదాపు అందరూ ఏదో ఒకటి మాట్లాడుతుంటారు. అమ్మాయికొచ్చిన సంబంధం, అబ్బాయి వీసా, షుగరు మాత్ర టిఫిను ముందా తర్వాతా, నిన్నటి మ్యాచ్, అపార్ట్‌మెంటుకు రాని నీళ్ల ట్యాంకరు. నాలుగు రౌండ్లు తిరిగేసరికి లోకాభిరామాయణం మొత్తం పూర్తవుతుంది.

ఇది చూసి విసుక్కునేవాళ్లున్నారు. నడవడానికొచ్చారా, కబుర్లాడుకోడానికొచ్చారా అంటారు.

ఇంకో రకం మనుషులూ ఉంటారు. ఇంటికి రాగానే ఓ నోట్‌బుక్ తీస్తారు. ఇవాళ ఎంత దూరం, ఎంతసేపు, ఒళ్లు ఎలా ఉంది అని రెండు ముక్కలు రాసిపెట్టుకుంటారు. వీళ్లను చూసి ఇంట్లోవాళ్లు నవ్వుతారు. ఒలింపిక్స్‌కేమైనా వెళ్తున్నారా, ఈ రాతకోతలెందుకు అంటారు.

ఇవాళ్టి ప్రసంగం ఈ ఇద్దరి గురించి. కబుర్లాడేవాళ్ల గురించి, రాసుకునేవాళ్ల గురించి. వ్యాయామం మొదలుపెట్టడం పెద్ద కష్టం కాదు. జనవరి 1న ఎంతోమంది కొత్త బూట్లు కొంటారు. ఉగాది నాటికి ఆ బూట్లు ఎక్కడున్నాయన్నదే అసలు సంగతి. ఉగాది దాకా, ఆ పై ఉగాది దాకా మనిషిని నడిపించేవి రెండున్నాయి. ఒకటి, రోజూ రాసుకునే ఆ రెండు ముక్కలు. రెండోది, పక్కనున్న మనిషితో ఆ పిచ్చాపాటి. మళ్లీ చెప్పుకుందాం: రాసుకోవడం ఒకటి, మాట్లాడుకోవడం ఒకటి.

ముందు మాటల సంగతి చూద్దాం. దానికోసం న్యూజీలాండ్ దాకా వెళ్లాలి.

ఆక్లాండ్ నగరంలో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన ఉండేవారు. 1917లో పుట్టారు. బూట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని. కుర్రతనంలో రగ్బీ ఆడారు కాబట్టి ఒంట్లో బలం ఉందనే అనుకునేవారు. ఒకరోజు జాక్ డోలన్ అనే స్నేహితుడు ఆయన్ను అయిదు మైళ్ల పరుగుకు తీసుకెళ్లారు. అయిదు మైళ్లంటే 8 కిలోమీటర్లు. లిడియార్డ్‌కు ప్రాణం పోయినంత పనయింది. ఇప్పుడే ఇలా ఉంటే 50 ఏళ్లకు ఎలా ఉంటానన్న భయం ఆయన్ను పట్టుకుంది. ఆ భయంతోనే పరుగు మొదలుపెట్టారు. తన ఒంటి మీదే ప్రయోగాలు చేశారు. ఎక్కువ దూరం పరిగెత్తి చూశారు, తక్కువ దూరం పరిగెత్తి చూశారు. తర్వాత చుట్టుపక్కల వీధుల్లోని కుర్రాళ్లు ఆయన వెంట పడ్డారు.

ఆ కుర్రాళ్లు ఏమయ్యారో తెలుసా? 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున పీటర్ స్నెల్ 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లలో బంగారు పతకాలు గెలిచారు. తర్వాత బ్యారీ మగీ మారథాన్‌లో కాంస్యం తెచ్చారు. ఒక బూట్ల కార్మికుడి దగ్గర తయారైనవాళ్లు వీళ్లంతా.

అయితే మన కథకు కావలసింది ఆ పతకాలు కావు. ఆ తర్వాత జరిగింది.

1960ల మొదట్లో లిడియార్డ్ ఆక్లాండ్‌లో నడివయసు వాళ్లను, రిటైరైనవాళ్లను పోగుచేసి మెల్లగా పరిగెత్తించడం మొదలుపెట్టారు. వాళ్లలో గుండెపోటు వచ్చి కోలుకున్నవాళ్లు కూడా ఉన్నారు. గుండెజబ్బు మనిషి మంచం దిగకూడదని చాలామంది నమ్మే కాలమది. పందెం లేదు, పతకం లేదు. ఆయన వాళ్లకు పెట్టిన నియమం చాలా చిన్నది. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తాలి. మాట రావడం లేదంటే వేగం ఎక్కువైందన్నమాట, తగ్గించాలి. అంతే.

1962 చివర్లో అమెరికా నుంచి బిల్ బవర్‌మన్ అక్కడికి వచ్చారు. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పేరున్న కోచ్ ఆయన. తర్వాత నైకీ సంస్థను స్థాపించిన ఇద్దరిలో ఒకరు. అప్పటికి ఆయన వయసు 51. రోజూ కుర్రాళ్లను పరిగెత్తించే మనిషి కదా, తనకూ ఒంట్లో సత్తువ ఉందనే అనుకున్నారు. ఓ ఆదివారం పొద్దున లిడియార్డ్ గుంపుతో కలిసి బయలుదేరారు. మొదటి అర మైలు బాగానే సాగింది. కొండ ఎక్కడం మొదలయ్యేసరికి ఆయనకు ఊపిరి అందలేదు. గుంపు ముందుకు వెళ్లిపోయింది. ఆయన వెనకబడిపోయారు.

అప్పుడు ఒక పెద్దాయన వేగం తగ్గించి వెనక్కి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. గుండెపోట్లు తట్టుకుని నిలబడ్డ మనిషి. బవర్‌మన్ పక్కన చేరి, కష్టంగా ఉన్నట్టుందే అని పలకరించారు. బవర్‌మన్ జవాబు చెప్పలేదు. చెప్పాలన్నా నోటివెంట మాట వచ్చే స్థితి లేదు. ఆ పెద్దాయన ఆయన్ను వదిలి పోలేదు. దగ్గరి దారిన మెల్లగా వెనక్కి తీసుకొచ్చారు. వీళ్లు చేరేసరికి, ఆరు మైళ్లు పూర్తిచేసిన మిగతావాళ్లు కూడా చేరారు.

ఈ సంఘటనను కాస్త నిదానంగా చూడాలి. డెబ్బై దాటిన మనిషి మాట్లాడగలుగుతున్నాడు. ఒలింపిక్ ఆటగాళ్లను తయారుచేసే కోచ్ మాట్లాడలేకపోతున్నాడు. ఇద్దరిలో ఎవరి గుండె గట్టిదో చెప్పడానికి ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది. నాలుగు మాటలు చాలాయి.

బవర్‌మన్ ఆ పర్యటనలో రోజూ ఆ గుంపుతో పరిగెత్తి, తిరిగి అమెరికా వెళ్లాక తన ఊళ్లో మామూలు మనుషుల్ని గ్రౌండుకు రమ్మని పిలిచారు. కొన్ని వారాల్లోనే ఆ గుంపు అదుపు చేయలేనంతగా పెరిగింది. డాక్టరు సలహా లేకుండా ఇంతమందిని పరిగెత్తించడం మంచిది కాదని ఆగి, హృద్రోగ వైద్యుడు వాల్డో హారిస్‌ను కలుపుకున్నారు. ఇద్దరూ కలిసి 1967లో ‘జాగింగ్’ అనే చిన్న పుస్తకం తెచ్చారు. అందులోనూ అదే నియమం: మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత వేగమే సరైన వేగం.

ఇప్పుడు వ్యాయామ శాస్త్రం చదివినవాళ్లు దీన్ని టాక్ టెస్ట్ అంటారు. ఇది పనిచేయడానికి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. మాట్లాడాలంటే ఊపిరిని పట్టి ఉంచి, కొంచెం కొంచెంగా వదలాలి. శ్రమ ఒక హద్దు దాటితే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. దాన్ని బయటికి తోయడానికి ఊపిరి తొందర తొందరగా ఆడాలి. అప్పుడు వాక్యం మధ్యలో తెగిపోతుంది. మాట తెగిందంటే హద్దు దాటినట్టే. చేతికి ఖరీదైన వాచీ లేకపోయినా ఈ సంగతి తెలుస్తుంది. పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

కాబట్టి పార్కులో మాట్లాడుతూ నడిచేవాళ్లను ఎవరూ తప్పుపట్టక్కర్లేదు. గుండెకు పనికొచ్చే వేగంలో, హద్దు దాటకుండా నడుస్తున్నారు వాళ్లు. మరీ బెంచీ మీద కూర్చుని మాట్లాడితే ఆ లాభం రాదు. కాళ్లూ నోరూ రెండూ ఆడుతుండాలి.

మాటల సంగతి ఇది. ఇక రాసుకోవడం దగ్గరికి వద్దాం.

పరుగు డైరీ అనగానే ఆ లోకంలో అందరికీ గుర్తొచ్చే పేరు రాన్ హిల్. ఇంగ్లండ్‌లో ల్యాంకషైర్ ప్రాంతం, ఆక్రింగ్టన్ పట్టణం. 1938లో పుట్టారు. బట్టల మిల్లులకు పేరుమోసిన సీమ అది. ఆయన కూడా వస్త్ర రసాయన శాస్త్రంలో డాక్టరేటు చేసి, ఉద్యోగం చేసుకుంటూ పరిగెత్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. 1970లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌ను చలిలో, వానలో 2 గంటల 10 నిమిషాల 30 సెకన్లలో గెలిచారు. ఆ పోటీని గెలిచిన మొదటి బ్రిటిష్ పరుగువీరుడు ఆయనే. అదే ఏడాది ఎడిన్‌బరాలో కామన్వెల్త్ బంగారు పతకం కూడా అందుకున్నారు.

ఇవన్నీ రికార్డు పుస్తకాల్లో ఉంటాయి. ఆయన సొంత పుస్తకాలు వేరే ఉన్నాయి. 1956లో, 17 ఏళ్ల కుర్రాడిగా, ఎంత దూరం పరిగెత్తిందీ రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ రాత జీవితమంతా సాగింది. 1964 డిసెంబరు 20 నుంచి ఒక్క రోజు కూడా మానకుండా పరిగెత్తారు. రోజుకు కనీసం ఒక మైలు అన్నది ఆయన లెక్క. ఆ వరస 2017 జనవరి చివరిదాకా నడిచింది. అంటే 52 ఏళ్లు దాటి మరో నెల పైచిలుకు. ఈ ప్రసంగం వింటున్న చాలామంది వయసు కంటే ఎక్కువ.

అన్ని వేల రోజులు ఎలా సాధ్యమయ్యాయి? ఉక్కు సంకల్పం అని ఒక్క మాటలో తేల్చేస్తారు చాలామంది. సంకల్పం ఉండొచ్చు. కానీ రాసుకునే అలవాటు చేసే పని ఒకటుంది. నిన్నటిదాకా ప్రతి తేదీ పక్కనా ఏదో ఒకటి రాసి ఉంటుంది. ఇవాళ్టి తేదీ పక్కన ఖాళీ. ఆ ఖాళీ మనిషిని చూస్తూ ఉంటుంది. వంటింటి గోడ మీద వెంకట్రామా క్యాలెండర్లో పాలు రాని రోజుకు సున్నా చుట్టే ఇళ్లు మనకు తెలుసు. నెలాఖరున ఆ సున్నాలను ఎవరూ కాదనలేరు. పరుగు డైరీ చేసేదీ అదే పని. నెలలో ఎన్ని రోజులు నడిచారని అడిగితే జ్ఞాపకం రోజూ నడుస్తూనే ఉన్నానంటుంది. పుస్తకం తెరిస్తే సగమే తేలుతుంది.

అయితే రాన్ హిల్ కథలో రెండో వైపు కూడా చెప్పాలి. ఆ వరస ఆయన్ను కొన్నిసార్లు ఇబ్బందుల్లోకి కూడా లాగింది. కాలి బొటనవేలి ఎముకకు ఆపరేషన్ అయ్యాక కూడా చేతికర్రల సాయంతో ఆ ఒక్క మైలూ పూర్తిచేశారు. 1993లో కారు ప్రమాదంలో రొమ్ము ఎముక విరిగింది. అప్పుడూ వరస తెంచలేదు. ఆయన పట్టుదలను గౌరవించాల్సిందే. కానీ ఈ భాగాన్ని ఎవరూ అనుసరించకూడదు. ఆపరేషన్ కుట్లు ఆరకుండా పరిగెత్తడం వ్యాయామం కాదు. పుస్తకంలో ఖాళీ పడుతుందన్న దిగులు ఒంటి నొప్పిని మించిపోయిందంటే, పుస్తకం మనిషి మీద స్వారీ చేస్తోందన్నమాట.

ఆ సంగతి చివరికి ఆయనే గ్రహించారు. 2017 జనవరిలో ఓ రోజు పరుగు మొదలుపెట్టిన కాసేపటికే గుండెలో నొప్పి మొదలైంది. ఎలాగో ఆ మైలు పూర్తిచేసి, మర్నాటి నుంచి ఆపేశారు. భార్య కోసం, కుటుంబం కోసం, స్నేహితుల కోసం, తన కోసం కూడా ఆపక తప్పదని చెప్పారు. 78 ఏళ్ల వయసులో ఆ మాట చెప్పడానికి కూడా గుండెధైర్యం కావాలి. ఆ తర్వాత నాలుగేళ్లకు, 2021లో ఆయన కన్నుమూశారు. వింటున్నవాళ్లు దయచేసి ఇది గుర్తుంచుకోండి: నడకలో గానీ పరుగులో గానీ గుండెలో నొప్పి వస్తే, బరువుగా అనిపిస్తే, అక్కడికక్కడే ఆగాలి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రాసుకోవడం ఆ తర్వాత.

మరి డైరీలో ఏం రాయాలి? ఇప్పుడు ఫోన్లే అడుగులు లెక్కపెడుతున్నాయి కదా, చేత్తో రాయడమెందుకని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఫోను ఎన్ని అడుగులో చెబుతుంది. ఆ రోజు ఎలా గడిచిందో దానికి తెలియదు. పదివేల అడుగులు అనే లక్ష్యం ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. అది 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల మీటరు ప్రచారంతో పుట్టిన అంకె. డాక్టర్లు పరిశోధించి తేల్చిన హద్దు కాదు. ఏడు వేలు నడిచిన అరవై ఏళ్ల మనిషి ఓడిపోయినట్టు దిగులు పడక్కర్లేదు.

ఒక మామూలు పేజీని ఊహించుకుందాం. పిల్లల స్కూలు నోట్‌బుక్కులో మిగిలిపోయిన పేజీలే అనుకోండి. మంగళవారం, తేదీ. పొద్దున అయిదున్నర. మంచు, చెప్పలేనంత చలి. రాత్రి పెళ్లి భోజనం, పడుకునేసరికి పన్నెండు. మూడు రౌండ్లు నడిచాను, నాలుగోది మానేశాను. కుడి మోకాలు దిగుడులో కలుక్కుమంది. రెండో రౌండు నుంచి పక్కింటి మాస్టారు కలిశారు, ఆయన మాటల్లో పడి మూడో రౌండు తెలియలేదు. అంతే. అయిదారు వాక్యాలు.

ఇందులో ఎన్ని సంగతులున్నాయో చూడండి. నిద్ర తక్కువైన రోజు ఒక రౌండు తగ్గిందని తెలుస్తోంది. మోకాలు నొప్పి దిగుడులోనే వచ్చిందని తెలుస్తోంది. రెండు నెలల తర్వాత డాక్టరు ఎప్పటి నుంచీ అని అడిగితే, ఎక్కడ మొదలైందో, ఎక్కినప్పుడా దిగినప్పుడా అన్నది పుస్తకం చెబుతుంది. ఇక ఆ మాస్టారి సంగతి. ఆయన లేకపోతే మూడో రౌండు కూడా ఉండేది కాదేమో. డైరీలో పిచ్చాపాటికి కూడా చోటివ్వాలనడం అందుకే. ఎవరు కలిశారు, ఏం మాట్లాడుకున్నారు అన్న ఒక్క వాక్యం కూడా వ్యాయామం లెక్కలోకే వస్తుంది.

శ్రమ ఎంతయిందో రాయడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 1960లలో తయారుచేశారు. ఒంటికి ఎంత కష్టంగా అనిపించిందో 6 నుంచి 20 లోపు ఒక అంకె వేసుకోవాలి. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు. 20 అంటే ఇక ఒక్క అడుగు కూడా పడనట్టు. ఈ అంకెలు విచిత్రంగా తోచొచ్చు. పది పెట్టి గుణిస్తే ఇంచుమించు గుండె నిమిషానికి కొట్టుకునే లెక్క వస్తుందని ఆయన ఉద్దేశం. అంత లెక్క అక్కర్లేదనుకుంటే తేలిక, మధ్యస్తం, కష్టం అని రాసుకున్నా చాలు. పక్కన ఇంకో ముక్క చేర్చండి: మాట్లాడగలిగానా, లేదా.

విశ్రాంతి రోజును కూడా రాయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. ఖాళీగా వదిలితే అది తప్పిపోయిన రోజులా కనిపిస్తుంది. విశ్రాంతి అని రాస్తే అది కూడా పనిలో భాగమవుతుంది.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. రోజర్ బ్యానిస్టర్ పేరు చాలామంది వినే ఉంటారు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో ఒక మైలును నాలుగు నిమిషాల లోపు పరిగెత్తిన మొదటి మనిషి. 3 నిమిషాల 59.4 సెకన్లు. అప్పటికి ఆయన లండన్‌లో వైద్య విద్యార్థి. మధ్యాహ్న భోజన విరామంలో ప్యాడింగ్టన్ ట్రాక్ మీద సాధన చేసేవారు. క్వార్టర్ మైలు, రెండు నిమిషాల విరామం, మళ్లీ క్వార్టర్ మైలు. అలా పదిసార్లు. చలికాలంలో ఒక్కోటి 66 సెకన్లు పట్టేది. ఏప్రిల్ నాటికి 61కి దిగింది. అక్కడితో ఆగిపోయింది. ఎంత గట్టిగా ప్రయత్నించినా 61 దగ్గర నుంచి కదల్లేదు. కావలసింది 60 లోపు.

అప్పుడేం చేశారు? సాధన మానేశారు. స్నేహితుడు క్రిస్ బ్రాషర్‌తో కలిసి స్కాట్లండ్ వెళ్లి కొన్ని రోజులు కొండలెక్కారు. పరుగు ఊసు లేదు. తిరిగొచ్చి, కాస్త విశ్రాంతి తీసుకుని ట్రాక్ మీదకు దిగితే 59 వచ్చింది. కొద్ది రోజులకే చరిత్ర రాశారు. ఆ పందెంలో ముందు రౌండ్లలో ఆయన్ను లాక్కెళ్లింది కూడా ఆ బ్రాషర్, క్రిస్ చాటవే అనే మరో స్నేహితుడూ. ఆ రోజుల డైరీ ఎవరైనా తిరగేస్తే కొండలెక్కిన రోజులు సాధనకు సంబంధం లేనివిగా కనిపిస్తాయి. కానీ 61కీ 59కీ మధ్య ఉన్నవి ఆ రోజులే.

ఇక రాతనూ మాటనూ ఒకచోట కలిపిన మనిషి కథ చెప్పుకుందాం. లండన్ శివార్లలో టెడ్డింగ్టన్ దగ్గర బుషీ పార్క్ అని పెద్ద పార్కుంది. 2004 అక్టోబరు 2, శనివారం. పాల్ సింటన్-హ్యూవిట్ అనే ఆయన తన స్నేహితుల కోసం అక్కడ 5 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆయనకు గాయమైంది, తను పరిగెత్తలేని పరిస్థితి. అయినా పరిగెత్తే స్నేహితులకు దూరం కాకూడదనుకున్నారు. పరుగయ్యాక అందరూ కూర్చుని కాఫీ తాగితే చాలనుకున్నారు. ఆ రోజు వచ్చినవాళ్లు 13 మంది. ప్రవేశ రుసుము లేదు. వచ్చినవాళ్ల సమయాలు మాత్రం శ్రద్ధగా రాసుకున్నారు. ఎవరు ఎన్నోవారో గుర్తుకు చేతిలో పెట్టే టోకెన్లు కూడా హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఇనుప వాషర్లే.

అదే ఇప్పటి పార్క్‌రన్. ఇరవైకి పైగా దేశాల్లో ప్రతి వారాంతం పొద్దున లక్షలమంది ఉచితంగా 5 కిలోమీటర్లు నడుస్తున్నారు, పరిగెడుతున్నారు. ప్రతి ఒక్కరి సమయం రాసి ఉంచుతారు. ప్రతిచోటా ఆ తర్వాత కాఫీ, కబుర్లు. అక్కడ ఒక చక్కటి ఏర్పాటుంది. అందరికంటే వెనక నడవడానికి ఒక కార్యకర్తను ప్రత్యేకంగా పెడతారు. ఎంత మెల్లగా నడిచినా ఆ కార్యకర్త ఇంకా వెనకే ఉంటారు. కాబట్టి వచ్చినవాళ్లలో ఎవరూ ఆఖరివాళ్లు కారు. ఒంటరిగా మిగిలిపోతానన్న భయంతో ఇంట్లో ఉండిపోయే మనిషికి ఇంతకంటే మంచి భరోసా ఏముంటుంది?

మన దగ్గరా ఇలాంటి గుంపులు లేకపోలేదు. హైదరాబాద్ రన్నర్స్ బృందం 2007 నుంచీ పనిచేస్తోంది. అసలు పరిగెత్తడం రానివాళ్లను 5 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లే కౌచ్ టు ఫైవ్ కె శిక్షణ కూడా వాళ్లు ఇస్తుంటారు. ఆ పద్ధతి పుట్టిన తీరు మన ఆడవాళ్లు తెలుసుకోదగ్గది. 1996లో అమెరికాలో జోష్ క్లార్క్ అనే యువకుడు యాభై దాటిన తన తల్లి కోసం దాన్ని తయారుచేశారు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదటి రోజు అయిదు నిమిషాలు చురుగ్గా నడవాలి. తర్వాత ఒక నిమిషం మెల్లగా పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. ఇలా ఇరవై నిమిషాలు మార్చి మార్చి చేయాలి. అంతే. ఆ అమ్మగారి కోసం గీసిన కాగితాన్ని ఇవాళ ప్రపంచంలో ఎన్నో ఊళ్లలో అనుసరిస్తున్నారు.

రాసుకోవడంలో ఒక జాగ్రత్త కూడా ఉంది. ఎదుటివారి పేజీతో మీ పేజీని పోల్చుకోవద్దు. ముప్ఫై ఏళ్ల కుర్రాడు గంటలో పది కిలోమీటర్లు పరిగెత్తి ఆ సంగతి గుంపులో పంచుకుంటాడు. అది అతని పుస్తకం. మోకాలు అరిగిన మనిషి తన కిందటి నెల పేజీతో ఈ నెల పేజీని పోల్చుకుంటే సరిపోతుంది. గుంపులో పెద్దవాళ్లు ఈ మాట కుర్రాళ్లకూ, కొత్తగా వచ్చినవాళ్లకూ చెబుతుండాలి. పోయిన వారం రాని మనిషిని, ఏమండీ, కనబడలేదేం అని అడగాలి. ఎన్ని కిలోమీటర్లని అడిగినదానికంటే ఆ ప్రశ్న మనిషిని మర్నాడు గ్రౌండుకు త్వరగా తీసుకొస్తుంది.

ఇంట్లో ఉండే ఆడవాళ్ల డైరీ గురించి కూడా ఓ మాట చెప్పాలి. వాళ్లలో చాలామంది నడక మొదలుపెట్టి ఆపేస్తారు. బద్ధకం అని ఇంట్లోవాళ్లే ముద్ర వేస్తారు. వాళ్లు వెళ్లని రోజు పక్కన కారణం రాసుకుంటే ఆ పేజీ ఇంకో కథ చెబుతుంది. సోమవారం, చుట్టాలొచ్చారు. మంగళవారం, చిన్నవాడికి పరీక్ష, అయిదింటికి లేపి చదివించాలి. బుధవారం, అత్తగారికి ఒంట్లో బాగాలేదు. గురువారం, కుళాయి నీళ్లు ఆరింటికి వదిలారు. శుక్రవారం, గ్యాస్ అయిపోయింది. ఇందులో బద్ధకం ఎక్కడుంది? ఆ ఇంట్లో తెల్లవారుజాము గంట ఎవరి చేతిలో ఉందో ఆ అయిదు వరసలు చెప్పేస్తాయి.

కాబట్టి నడవని రోజుల కారణాలు కూడా రాయండి. ఆ పుస్తకాన్ని బీరువాలో దాచకండి. డైనింగ్ టేబుల్ మీద అందరికీ కనిపించేట్టు పెట్టండి. చిన్నవాణ్ని లేపే పని వారానికి రెండు రోజులు వాళ్ల నాన్న తీసుకోవచ్చు. కుళాయి దగ్గర బిందెలు పెద్దవాడు పెట్టొచ్చు. ముందు రెండు రోజులు దొరికితే చాలు. ఎదురింటావిడను కూడా పిలవండి. ఇద్దరూ మాట్లాడుకుంటూ వెళ్లి రావచ్చు.